ప్రెజర్ సున్నా

అల్లుడికి,

ఆశీస్సులు రాయడానికి చెయ్యి రావడం లేదు.

మీ పెరటి ఈతకొలను ఫిల్టరుకు కొత్త సెన్సరు పెట్టించాననీ, ఇక భయం లేదనీ రాశావు. పాతదానికి ఏం రోగం? ఉన్నది ఉన్నట్టే చెప్పింది. ఫిల్టరు కడగాలని అమ్మాయి పంపు ఆపి, మూత వదులు చేసింది. ప్రెజర్ సున్నాకి పడింది. ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో ఆ సున్నా చూసి, అక్కణ్నుంచే పంపు ఆన్ చేసింది నువ్వు. మూత ఎగిరి తగిలి అమ్మాయి ఎడమకన్ను పోయింది.

"సున్నా చూపిస్తే పంపు దానంతటదే ఆగిపోయిందేమో అనుకున్నా మామయ్యా" అన్నావు ఆసుపత్రిలో. ముందు ఇంటికి ఫోన్ చేసి అడిగితే నోటి ముత్యాలు రాలిపోయేవా? "పెరట్లోకి నడిచి మీటరు చూసుకోండి, కాళ్లేం అరిగిపోవు" అని అమ్మాయి నవ్వుతూనే చెప్పేది. "నీకు తెలీదులే" అనేవాడివి. నేను చదివిన పుస్తకాల్లో మూర్ఖులకు కొదవలేదు. ఇంట్లో మనిషుండగా అంకెను అడిగినవాడు మాత్రం ఎక్కడా తగల్లేదు.

చూడ్డానికి వస్తానన్నావు. నేను వద్దన్నాను, అమ్మాయి రమ్మంది. రా. నీ కుర్చీ మంచానికి ఎడమవైపు వేయించాను. అటు కూర్చుంటే తనకు నీ ముఖం కనబడదు.

మామ