సౌభాగ్య వద్దన్న తుపాకి

బిలాస్‌పూర్,
12 నవంబరు 1988

అచ్చియమ్మప్పకి,

నీ ఒక్కగానొక్క తమ్ముడు, బావ మాటల్లో చెప్పాలంటే "కోతి పైడిరాజు", వంగి దండం పెట్టి రాస్తున్నాను. చీపురుపల్లిలో మీరంతా కులాసా అనుకుంటాను. ఇక్కడ మేమూ కులాసాయే, కాకపోతే వండుకోవడానికి గిన్నెలు లేవు. నవ్వకు. మొన్న సినిమాకి వెళ్ళొచ్చేసరికి క్వార్టరు వెనక తలుపు గొళ్ళెం ఊడదీసి ఇత్తడి సామానంతా దొంగ పట్టుకుపోయాడు. మాడిన మూకుడొక్కటి వదిలేశాడు. దొంగకి మాత్రం పరువుండదా?

మా క్వార్టర్ల లైనులో ఈమధ్య ఇదే పని. అందుకని తుపాకి తీసుకుందామనుకుంటున్నాను. గార్డు సత్యనారాయణ గారు రిటైరై రాజాం వెళ్ళిపోతున్నారు. ఆయన దగ్గర లైసెన్సున్న ఒంటి గొట్టం తుపాకి ఉంది. "నువ్వు లైసెన్సు తెచ్చుకో, నీకే ఇచ్చేస్తాను" అన్నారు. నేను కలెక్టరాఫీసులో అర్జీ పెట్టేశాను కూడా.

ఈ కబురు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో పేకాట దగ్గర పడేసరికి పేకలు పక్కనపెట్టి అందరూ కలబడ్డారు. బుకింగు క్లర్కు జగన్నాథం ముందు అందుకున్నాడు.

"దొంగోడు ఏడాదికో పాలి వస్తాడు. మనిసికి కోపం రోజూ వస్తాది. తుపాకి దేనికి ముందు అందుతాదో ఆలోసించు రాజూ."

మా షెడ్డు ఫిట్టరు పోలయ్య ఊరుకుంటాడా? "ఆడు కత్తి అట్టుకొస్తే నువ్వేటి సూపిస్తావు, టిక్కెట్ల కట్టా? పోలీసులొచ్చేతలికి ఆడు మస్తూరీ ఊరు దాటిపోతాడు. ఎవులిల్లు ఆలే కాసుకోవాల!"

"కుదుదండ్ పేటల పెళ్ళూరేగింపుల సరదాకి పేల్చినారు కదేటి," అన్నాడు జగన్నాథం. " డాబా మీదెక్కి సూస్తన్న మనిసి బుజంలోంచి పోనాది గుండు. పేల్చినోడికీ లైసెన్సుంది. లైసెన్సుకి కళ్ళుంటాయేటి?"

"అచ్ఛా, కళ్ళంటే గుర్తొచ్చింది," అని పోలయ్య నావైపు తిరిగాడు. "సిగ్నలు కనబడ్డం లేదని నిన్ను ఇంజను దింపేసినారు కదా. మరి దొంగోడు కనబడతాడేటి?"

"హెడ్‌లైటు కట్టుకు రమ్మని ఆడికి కబురెట్టు" అన్నాను. అందరూ పడి పడి నవ్వారు. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను.

అవును, ఆ సంగతి నీకు రాయలేదు కదూ. ఆగస్టులో కళ్ళ పరీక్ష తప్పాను. ఇంజను నడిపినవాణ్ణి ఇప్పుడు స్టోరుగది తాళాలకి కాపలా కూర్చోబెట్టారు. స్టూలు మీద కూర్చోవడమే పని. కడుపులో చల్ల కదలకుండా జీతం. అంతకంటే ఏం కావాలి చెప్పు.

బావకి నా నమస్కారాలు, ఆయనకి ఇష్టం లేకపోయినా.

నువ్వు చంకనెత్తుకు మోసిన బరువు,
పైడిరాజు


బిలాస్‌పూర్,
4 డిసెంబరు 1988

అప్పా,

ఈసారి క్షేమసమాచారాలు లేవు. నీ మరదలు చేసిన పని విను.

ఇవాళ ఆదివారం కదా, పొద్దున్నే హెడ్ కానిస్టేబులు విచారణకి వచ్చాడు. తుపాకి అడిగినవాడు ఎలాంటివాడో చుట్టుపక్కల అడిగి రాసుకోవాలి, అదీ పద్ధతి. కుర్చీ వేశాను, టీ ఇచ్చాను. లైనంతా గుమిగూడింది. పోలయ్య హిందీలో నన్ను ఆకాశానికెత్తాడు. తుపాకి వద్దని వాదించిన జగన్నాథం కూడా, "మనిషి మంచివాడు, దానికి పూచీ నాది" అన్నాడు. నేను మీసం దువ్వుకుంటున్నాను. అప్పుడా పెద్దమనిషి గుమ్మంలో నిలబడ్డ సౌభాగ్యని అడిగాడు, ఇంటావిడగా నీకేమైనా అభ్యంతరమా అని.

"మత్ దీజియే సాబ్" అంది నీ మరదలు. ఇవ్వకండి బాబూ అని.

అతను కలం ఆపాడు. "కొడతాడా?"

"ఎప్పుడూ చెయ్యెత్తలేదు."

"తాగుతాడా?"

"పండక్కి కూడా తాగరు."

"మరేమిటి కష్టం?"

"కష్టం లేదు సాబ్. మా ఇంట్లో వద్దు, అంతే."

అతను అదే రాసుకున్నాడు. "ఓలమ్మో, పెళ్ళామే నమ్మకపోతే సర్కారేటి నమ్ముతాది!" అన్నాడు పోలయ్య. లైనంతా గొల్లుమంది. పరువు దక్కించుకోవాలని నేనూ ఏదో అన్నాను, ఇంట్లో పేలేది తనొక్కతే చాలనుకుందని. ఇంకా నవ్వారు. లోపలికెళ్ళి, "ఎందుకలా అన్నావు?" అని అడిగితే, "నాకు బయ్యం" అంది. దేనికి భయమంటే చెప్పదు. పొయ్యి ఊదుకుంటూ కూర్చుంది.

సిగ్నలుకి పనికిరానని డాక్టరు రాశాడు. తుపాకికి పనికిరానని పెళ్ళాం రాయించింది. ఇంక నేను పనికొచ్చేది ఆ స్టూలుకే. అప్పా, నాకు చాలా కష్టం వేసింది. నాలుగు మాటలు గట్టిగా పెట్టి తనకో ఉత్తరం రాయి. నువ్వంటే తనకి భయభక్తులున్నాయి.

అలిగి మంచం ఎక్కిన
పైడిరాజు


బిలాస్‌పూర్,
22 డిసెంబరు 1988

అప్పా,

నీ ఉత్తరం అందింది. బాగానే తిట్టావు. మొగుడి పరువు వీధిన పెట్టిన ఆడదానివి నువ్వొక్కదానివే అని రాశావు చూడు, ఆ ముక్క రెండుసార్లు చదివాను. తను ఇక్కడ హిందీ బడిలో చదివింది కదా, తెలుగు కూడబలుక్కోవాలి. అందుకని నేనే గొంతెత్తి, పక్కవాళ్ళకి కూడా వినబడేలా చదివి పెట్టాను. తను చేటలో బియ్యం ఏరుకుంటూ అంతా విని, చేట కింద పెట్టింది.

"ఒదిన తిట్లు బాగున్నాయి. ఒదినకి మీరు రాయందేటో నాను చెప్పనా? షెడ్డు నించి సాయంత్రం తిన్నగా ఇంటికొస్తన్నారా మీరు? యార్డు చివర పట్టాల పక్కన కూకుంటన్నారు. రోజూ. మీ ఎనకాల నానూ వస్తన్నాను, పాలగిన్నె అట్టుకుని. ఎవులేనా అడిగితే పాలకని చెప్పొచ్చని."

నేను నీ ఉత్తరం మడిచి పక్కన పెట్టాను.

"గూడ్సు దగ్గరికొచ్చినప్పుడు మీరు లేచి నిలబడతారు. నా పేణం అక్కడే ఆగిపోతాది. బండి ఎల్లిపోయాక మళ్ళా కూకుంటారు. ఇంటికొచ్చి నన్ను నవ్విస్తారు. యార్డు దాకా అయితే నాను మీ ఎనకాల నడవగలను. తుపాకి ఇంట్లోనే ఉంటే ఎక్కడికని నడవను?"

"మరి ఆ పోలీసాయనతో ఈ మాట ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"అందరి ముందరా? మిమ్మల్ని చూసి లైనంతా జాలి పడాలా? నన్ను చూసి నవ్వితే నవ్వనీ అనుకున్నాను."

అప్పా, దొంగ వచ్చిన మాట నిజం, గిన్నెలు పోయిన మాట నిజం. కాని కలెక్టరాఫీసు వరండాలో అర్జీ రాస్తున్నప్పుడు నా మనసులో ఉన్నది దొంగ కాదు. ఏముందని అడిగితే ఆరోజు చెప్పలేకపోయేవాణ్ణి. అది దగ్గరుంటే ఏదో నిశ్చింతగా ఉంటుందనిపించింది, అంతే. ఎలాంటి నిశ్చింతో నేను ఆలోచించలేదు. సౌభాగ్య ఆలోచించింది. జగన్నాథమూ పోలయ్యా ఈరోజుకీ వాదించుకుంటున్నారు, ఇద్దరి దగ్గరా పాయింట్లున్నాయి. కాని ఇద్దరూ బయటినుంచి వచ్చేవాడి గురించో, కోపం వచ్చినవాడి గురించో మాట్లాడతారు. నాకు కోపం కూడా లేదప్పా. అలిసిపోయాను. పొద్దున లేచి చొక్కా తొడుక్కోవడం కూడా బరువే. నలుగురినీ నవ్వించడం ఒక డ్యూటీ అయిపోయింది, విడిపించే రిలీవరు రాని డ్యూటీ. నవ్వించేవాడు అలిసిపోయానంటే అది కూడా ఓ హాస్యమే అనుకుంటారు.

మొన్న ఇద్దరం వెళ్ళి అర్జీ వాపసు తీసుకున్నాం. "ఏమయ్యా, దొంగలు మానేశారా?" అన్నాడు గుమస్తా. నాలుక చివరిదాకా జవాబొచ్చింది. అనలేదు. సౌభాగ్య నా చొక్కా చెయ్యి పట్టుకుని నిలబడింది. సత్యనారాయణ గారికి కూడా చెప్పేశాను, ఆ తుపాకి నాకొద్దని. రేపు రైల్వే ఆస్పత్రికి వెళ్తున్నాం. కళ్ళ డాక్టరు దగ్గరికి కాదు. డాక్టరు ముందు అంతా దాచకుండా చెప్తానని తనకి మాటిచ్చాను.

సౌభాగ్యని తిడుతూ రాశావు కదా, ఆ మాటలు నావనుకో. తనకి నేను క్షమాపణ చెప్పాను, నీ తరఫున కూడా.

వీలైతే నువ్వొచ్చి కొన్నాళ్ళు ఉండప్పా. పాము కరిచిందని రాసి ఓసారి నిన్ను ఇక్కడిదాకా పరిగెత్తించాను. నువ్వు ఏడుస్తూ గుమ్మంలోకొస్తే రబ్బరు పాము చూపించాను. అందుకని ఇది నువ్వు నమ్మవని తెలుసు. కింద సౌభాగ్య చేత కూడా రాయిస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటాయి, ఏమనుకోకు.

నీ తమ్ముడు,
పైడిరాజు

ఒదినా, ఇది ఆటకి రాసింది కాదు. నేనూ అలిసిపోయాను. రండి.
సౌభాగ్య