కొడవలితో అతికిన చెప్పు

1985 మే, మంగళవారం, రాత్రి

ఆయన ఇప్పుడే నిద్రపోయాడు. కుడికాలు దిండు మీద పెట్టాను. ఆస్పత్రిలో చుట్టిన కట్టు అప్పుడే తడిసింది.

నిన్న ఆయన కొత్త చెప్పు సోలు చీలింది. పాత టైరు చెప్పులు అరిగిపోయాయని రాయదుర్గం నుంచి నేనే తెచ్చిన జత. కొడవలి మొన పొయ్యిలో కాల్చి చీలిక మీద రాస్తే ఆ రబ్బరు బెల్లంపాకంలా కరిగి, ఆరగానే అతుక్కుంది. మునుపటిలాగే మెత్తగా వంగింది కూడా.

"చూస్తివా? నీ టైరు చెప్పు ఇట్ల అతుక్కుంటాదా?" అని మురిసిపోయాను.

ఆయన నవ్వి, పొద్దున అవే వేసుకుని కరువు పనికి, రోడ్డు వేసే చోటికి పోయాడు. అక్కడ కాగే తారులో కాలు పడగానే సోలు కరిగి పాదానికి అంటుకుపోయిందట. ఎంత విదిలించినా ఊడలేదట.

ఆయన్ను మోసుకొచ్చిన నాగన్న, "టైరు చెప్పయింటే కరిగేది కాదు వదినా. ఈ మెత్త రబ్బరుది యాడ తెచ్చుకున్నాడు?" అన్నాడు. నేనే తెచ్చానని చెప్పలేక, ఆయన కాలి మీద నీళ్లు పోశాను.

ఆయనా నా పేరు చెప్పలేదు. కట్టు కట్టించుకుంటూ, "రెండోది బాగుండాది, పారేయొద్దు" అన్నాడు, అంతే.

రేపు గడ్డికి పోవాలంటే ఉన్నది ఆ ఒక్క కొడవలే. మొనకు నిన్నటి రబ్బరు గట్టిగా పట్టుకుని ఉంది, గోటితో గీకితే రావడం లేదు. పొయ్యిలో పెడితే కరిగిపోతుంది, తెలుసు.

పెట్టడానికి చెయ్యి రావడం లేదు.