కుందేళ్ళ గౌను

హ్యువాన్‌విల్
ఆదివారం

నా మెరిన్‌కి,

చిన్నప్పుడు పొయ్యి దగ్గర నీ ఒంటి మీద నిప్పంటుకున్న ఆ కుందేళ్ళ బొమ్మల గౌను ఎవరు కుట్టి ఉంటారని ఎప్పుడైనా అనుకున్నావా? నీ వీపు మీది మచ్చ చూసిన ప్రతిసారీ నేను అనుకున్నాను. సంతలో కొన్నానని అమ్మ ఎవరితోనో అంటుంటే ఒకసారి విన్నాను, అంతే. నువ్వు కట్టెల పొయ్యి అవసరమే లేని ఊరు వెతుక్కుని డార్విన్ వెళ్ళిపోయావు. నేను ఎక్కడెక్కడో తిరిగి మళ్ళీ పొయ్యి ముందుకే వచ్చాను.

నా కాలేజీ ఉద్యోగం పోయాక కోలిన్ వాళ్ళమ్మ ఇంట్లోనే ఉంటున్నామని నీకు తెలుసు. అత్తగారి చేతులు కీళ్ళనొప్పులతో బిగుసుకుపోయాయి. ఆవిడ ఏళ్ళ తరబడి శనివారం సంతలో అమ్మిన పిల్లల రాత్రి గౌన్లు ఇప్పుడు నేను కుట్టాలి. మిషను ఆవిడది, సంతలో బల్ల ఆవిడ పేరున, ఇల్లు ఆవిడది. గుడ్డ కూడా ఆవిడ ఎంచిందే: నూగు లేచిన మెత్తటి ఫ్లానెల్, మడమల దాకా వదులుగా, కింద కుచ్చులు. అలాంటి గౌనుకి చట్టప్రకారం మంట ప్రమాదమని చెప్పే ఎర్ర చీటీ కుట్టాలి. ఆవిడ కుట్టనివ్వరు. పసిపిల్లల మెడ దగ్గర చావు కబురు తగిలిస్తావా అంటారు. నేను నూగులేని అల్లిక గుడ్డతో, ఒంటికి పట్టినట్టు చొక్కా పైజమా కుట్టి చూపిస్తే, ఇవి పడుకోడానికా, సముద్రంలో దూకడానికా అని నవ్వారు. కోలిన్‌తో చెప్తే ఈ ఒక్క చలికాలం సర్దుకుపో అన్నాడు. పోయిన చలికాలమూ అదే అన్నాడు.

గురువారం పొద్దున రెండు గుడ్డల్లోంచీ చెరో పీలిక కత్తిరించి, వంటింటి తొట్టి మీద పట్టకారుతో పట్టుకుని అంటించాను. అల్లిక గుడ్డ అంచు నల్లబడి, మంట మెల్లగా పాకింది. ఫ్లానెల్ నూగు మీద మాత్రం ఒక్క ఊపులో నా వేళ్ళ దాకా వచ్చింది. తొట్టిలో పడేశాను. ఆవిడ చూస్తూనే ఉన్నారు.

"పిల్లలు తొట్టిలో పడుకోరు," అన్నారు. "వదులుగా ఉంటేనే కదమ్మా, పొద్దున్నే పొయ్యికి వీపు పెట్టి, గౌను వెనక్కి ఎత్తి కాచుకునేది. ఈ లోయలో అందరం అలా పెరిగినవాళ్ళమే."

"మెరిన్ కూడా అలాగే కాచుకుంది, అత్తయ్యా."

నీకు కాలిన సంగతి ఆవిడకి ఎప్పటినుంచో తెలుసు. ఆ మాట మేమిద్దరం ఎన్నడూ ఎత్తలేదు. ఆవిడ కుళాయి తిప్పి, ఆరిపోయిన పీలిక మీద నీళ్ళు పోస్తూ నిలబడ్డారు. నా వైపు తిరగకుండానే అడిగారు.

"దాని మీద కుందేళ్ళున్నాయా?"

మెరిన్, కుందేళ్ళ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. కోలిన్‌కి కూడా.

గుర్తులేదన్నాను.

మధ్యాహ్నం ఆవిడే ఫ్లానెల్ తాను ఈడ్చుకెళ్ళి కట్టెల కొట్టంలో పడేశారు. నిన్న సంతలో అల్లిక బట్టలే పెట్టాం. గౌన్లేవని ఎవరో అడిగితే, మా కోడలికి నచ్చవు అన్నారు. గెలిచానని నాకు అనిపించలేదు. ఇప్పుడావిడ మిషను పక్కనే కుర్చీ వేసుకుని, నేను కుడుతున్నంతసేపూ నా మొహంలోకి చూస్తున్నారు. వేరే గదిలోకి వెళ్దామంటే పొయ్యి ఉన్న గది ఇదొక్కటే.

గుడ్డ సంగతి తేల్చుకోగలిగాను. అవును, కుందేళ్ళే అని ఆవిడకి చెప్పాలో వద్దో, చెప్పే హక్కు నాదో, ఆ మచ్చ మోస్తున్న నీదో, అది మాత్రం తేల్చుకోలేకపోతున్నాను.

నీ అక్క,
రోవెనా