శనివారం చివరి పీరియడ్

దర్శి,
10-10-2004

చీరాలలో ఉన్న అమ్మకు, మల్లేశ్వరి నమస్కారాలు. ఇక్కడ మేం బాగున్నాం. మీరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మగ్గం ముందు కూర్చుంటే నడుం పట్టేస్తోందని రాశావు. గంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యి. చీర ఒకరోజు ఆలస్యమైతే ఏమీ కాదు.

శనివారం చివరి పీరియడ్‌లో తొమ్మిదో తరగతి పిల్లల చేత మనసులో మాటలు చెప్పిస్తున్నానంటే, లెక్కల టీచరువి నీకెందుకే అదంతా అని అడిగావు. మా హెడ్మాస్టరు గారూ అదే అడిగారు.

శ్రీరమ్య అనే పిల్ల క్వార్టర్లీలో లెక్కలు తప్పింది. వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ పీరియడ్‌లో మాత్రం లేచి, ఇంటికి వెళ్లాలంటే భయమేస్తోందని చెప్పింది. వాళ్ల నాన్నతో ఆ మాట ఎలా మొదలుపెట్టాలో క్లాసంతా కలిసి ఆలోచించాం. రెండుసార్లు నా ముందు చెప్పి చూసుకుంది. తోడు రమ్మంటే, బడి వదిలాక వాళ్ల మిరప చేనుకు వెళ్లాను.

"నాన్నా, నువ్వు అరుస్తుంటే నాకు చదివింది కూడా గుర్తుండట్లేదు," అంది.

వాళ్ల నాన్న కోటేష్ కలుపు తీయడం ఆపి లేచాడు. "అరవనని మాటివ్వలేనమ్మా. అరిచినప్పుడు ఇట్టాగే చెప్పు," అన్నాడు.

సోమవారం హెడ్మాస్టరు గారు ఆ పీరియడ్ ఆపేసి లెక్కలే చెప్పమన్నారు. లెక్కలు బడి వదిలాక చెప్తాను గానీ ఇది మాత్రం ఆపనన్నాను. కోటేష్ కూడా వచ్చి ఆపొద్దని అడిగాక, హాఫియర్లీ దాకా చూద్దామన్నారు. అప్పుడు మళ్లీ అడుగుతాను.

నీకెందుకే అన్నావు కదా. ఇన్నేళ్లూ దాచిన మాట చెప్తాను. ఇంటర్ రెండో ఏడు గుంటూరు హాస్టల్ నుంచి బాగున్నానని రాసిన ఉత్తరాలన్నీ అబద్ధం. బతకాలనిపించని రోజులవి. ఒక మధ్యాహ్నం వంటామె జహీరున్నీసా నన్ను చూసి, "ఏమైందో చెప్పు తల్లీ, నేను వింటా," అని పొయ్యి దగ్గర పని మానుకుని కూర్చుంది. సాయంత్రం దాకా చెప్పాను. ఆ తర్వాత రోజూ ఆమె దగ్గరికి వెళ్లి కాసేపు మాట్లాడేదాన్ని. అలా తేరుకున్నాను. నీ తప్పేం లేదమ్మా. నువ్వు అడిగుంటే చెప్పేదాన్నేమో, కానీ ఎలా చెప్పాలో అప్పుడు నాకూ తెలియదు. అదీ నేర్పవలసిందేనని ఇప్పుడు తెలుసు.

మన రాము ఇప్పుడు అదే ఊళ్లో, అలాంటి హాస్టల్లోనే ఉన్నాడు. ఫోన్లో మార్కుల సంగతి అడగకు. వచ్చే ఆదివారం నేనే వెళ్తున్నాను. బాగున్నానక్కా అంటాడు. అయినా సాయంత్రం దాకా వాడి దగ్గరే కూర్చుంటాను.

ఇట్లు,
నీ పెద్దకూతురు
మల్లేశ్వరి