మసక గింజలు కోళ్లకు వేయకు

అక్కకు,

తమ్ముడు మల్లేశం దండాలు. బావ నడుం నొప్పి తగ్గిందా? అత్తమ్మకు కళ్లు కాస్త కనబడుతున్నాయా? నేను బాగానే ఉన్నాను. అట్లా రాయకపోతే నువ్వు అన్నం తినవు కదా.

శామీర్‌పేటలో ఈ మొక్కజొన్న పరిశోధన పొలంలో చేరి ఏడాది దాటింది. పక్క మొక్క పుప్పొడి పడకుండా ప్రతి పొత్తుకూ కాగితం సంచి తొడగడమే పని. ఆకుల అంచులు కోసుకుని చేతులు మండుతున్నాయి. ఒళ్లంతా దురద. వండుకునే ఓపిక లేక అటుకులు నానేసుకుని తింటున్నాను.

నీ ఉత్తరం అందింది. "నువ్వు పంపిన ఇత్తనం మంచిగనే పండింది తమ్మీ. మెరిసేటి గింజలు ఏరి బిడ్డ రజితకు గటక వండి పెడ్తున్న, మసకయి కోళ్లకేస్తున్న. అయినా పిల్ల ఒళ్లు జేస్తలేదు" అని రాశావు. చదివి తల పట్టుకుని కూర్చున్నాను.

అక్కా, నేను పంపిన కొత్త జాతిలో బలమున్నవి ఆ మసక గింజలే. తల్లి మొక్కా, పుప్పొడీ రెండూ ఆ జాతివే అయితేనే ఆ గుణం గింజలోకి దిగుతుంది. మన చేను చుట్టూ మామూలు మక్కే కదా. ఆ పుప్పొడి గాలికి వచ్చి పడిన గింజలు మెరుస్తాయి, మామూలువైపోతాయి. పొలం చూసే మేడమ్‌కు నీ ఉత్తరం చదివి వినిపించాను.

"జాతి ఒక్కటే గాదు మల్లేశం, నేల గూడ జూడాలె. ఎరువు లేని చెల్క భూమిల ఏస్తే ఏ మక్కకైనా బలం తగ్గుతది. అయినా గంత చిన్న పిల్లకు ఒట్టి మక్కలతోని ఎట్ల ఎల్తది?" అంది.

మెరిసేవి ఏరడం మనకు అమ్మ నేర్పిందే, నీ తప్పు లేదు. తప్పు నాది. కింద దీపం పెట్టిన అద్దం మీద గింజలు పోసి, వెలుగు దూరని మసకవి ఏరే పని కూడా నేనే చేస్తాను. నీకు ఒక్క ముక్క రాయలేదు. పైగా "గీ గటక చాలు, పాలు కేంద్రంల పోసి అమ్ముకో" అని పెద్ద తెలిసినవాడిలా చెప్పాను. నువ్వు నమ్మావు.

ఇక పాలు అమ్మొద్దు, రజితకే పట్టు. గటకలో పెసరపప్పు కలుపు. మసక గింజలు మిగిలి ఉంటే రజిత గటకకే దాచు. అంగడి రోజు దవాఖానాకు తీసుకుపోయి పిల్లను తూయించు. నా గురించి బెంగ వద్దు, బాగానే ఉన్నాను.

బావకు, అత్తమ్మకు దండాలు చెప్పు. పెద్దదానివి, నన్ను తిట్టి ఆ తర్వాతే దీవించు. పిల్ల బరువెంతో రాయి. తగ్గి ఉంటే నేను బాధపడతానని ఎక్కువ చేసి రాయకు అక్కా.

నీ తమ్ముడు
మల్లేశం