ఎనభై రెండు ఖాళీలు

పడమటి గట్టున, ప్రభువుల సమాధులు తొలిచే పనివారి ఊరిలో కాపురముంటున్న లేఖకుడు మిన్‌ఖావు అనే నేను, ఆలయ పాఠశాలలో పదకొండేళ్ళు చదివినవాడిని, యాభై ఎనిమిదేళ్ళ వయసువాడిని, ఈ కింది అంశాలను నా చేతితో నేనే రాస్తున్నాను. నా బుద్ధి నిలకడగా ఉంది. నా మీద ఎవరి ఒత్తిడీ లేదు. దగ్గులో రక్తం పడుతోంది కాబట్టి ఆలస్యం చేయడం లేదు. కోపంలో రాసిన పత్రం చెల్లదని నా కొడుకు ఊరి పెద్దల సభలో వాదించవచ్చు. నాలుగేళ్ళుగా నిలిచిన కోపాన్ని మతి చెడడం అనరు.

ఒకటి. నడివీధిలో ఉత్తరం వైపు నాలుగో ఇల్లు, దాని వెనక వంటగది, నేలమాళిగ, మేడ మీది పందిరి నా స్వార్జితం. వీటిని నా కూతురు వబెత్‌కు సర్వహక్కులతో ఇస్తున్నాను. వాళ్ళమ్మ మంచం పట్టినప్పుడు పక్కన ఉన్నది ఆమె ఒక్కతే.

రెండు. నా కొడుకు అనఖ్తుకు, ఏడో అంశంలో చెప్పినది తప్ప, నా ఆస్తిలో ఏమీ లేదు. తల్లిదండ్రులను ఏ బిడ్డ సమాధి చేస్తే వాళ్ళ ఆస్తి ఆ బిడ్డదే అన్నది మా ఊరి ఆచారం. అమ్మను సమాధి చేసింది తానే కాబట్టి అమ్మ వాటా తనకు రావాలని వాడు సభలో అడిగాడు. సభ ఇచ్చేసింది. నా విషయంలో మళ్ళీ అదే జరగకుండా, అసలు జరిగినది ఇక్కడ రాస్తున్నాను.

పోయినవారి ఛాతీ మీద పెట్టే మంత్రాల జమ్ముకాగితపు చుట్టలు రాయడం మా ఇంటి పని. చనిపోయాక అవతలి లోకంలో ద్వారానికో కావలివాడు ఉంటాడు, ప్రతివాడూ పేరు అడుగుతాడు. పాపపుణ్యాలు తేల్చడానికి గుండెను ఈకతో తూచేచోట కూడా మొదట అడిగేది పేరే. చుట్టలో ఆ పేరు ఎనభై రెండు చోట్ల వస్తుంది. అమ్మకానికి ముందుగా రాసి ఉంచే చుట్టల్లో ఆ చోట్లు ఖాళీగా వదిలి, కొనేవారు వచ్చాక నింపుతాం. నా భార్య హునెరోకు మాత్రం వేరుగా రాశాను. రెండు వరద కాలాలు పట్టింది. ఎనభై రెండు చోట్లా ఆమె పేరే.

"ఏమయ్యా, నన్ను పంపించెయ్యడానికి అంత తొందరగా ఉందా?" అనేది. చదవడం రాదు. చుట్ట విప్పించి తన పేరు ఎక్కడుందో చూపించమనేది. చూపిస్తే, "ఇక్కడ నన్ను కాస్త లావు చేశావు" అనేది.

పాత ప్రభువు పోయినప్పుడు మమ్మల్ని ప్రభువుల సమాధుల లోయలోకి పిలిచారు. ఆయన దేహం సిద్ధమయ్యే డెబ్బై రోజుల్లో సమాధి గోడలు పూర్తి కావాలి. అంతవరకు ఎవరూ కొండ కనుమ దాటి ఊళ్ళోకి పోకూడదని ఆజ్ఞ. పందొమ్మిదో రోజున హునెరో పోయింది. ఆ రోజు నేను ప్రభువు పేరు నూట ఏడు సార్లు రాశాను. తరువాత గోడ దగ్గర నిలబడి లెక్కపెట్టాను. నేను ఊళ్ళోకి దిగేసరికి ఆమెను కుటుంబ సమాధిలో పెట్టి, తలుపు మూసి, ముద్ర వేసి పదకొండు రోజులైంది. అనఖ్తు నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. నేను వాడి తల నిమిరాను.

రెండేళ్ళ తరువాత ధాన్యాగారం అధికారి భార్య తన చుట్ట చదివి వినిపించమని నన్ను పిలిపించింది. విప్పగానే నా చేతిరాత గుర్తుపట్టాను. పేరున్న ప్రతిచోటా పైపొర గీకి ఉంది. గీకినచోట సిరా పాకింది. ఆ ఇల్లాలి పేరు కింద హునెరో పేరులోని చివరి గీత ఇంకా కనిపిస్తోంది. నేను చివరిదాకా చదివాను. ఆమెకు ఏ పాపమూ తెలియదు, నాకు తేనె రొట్టె పెట్టింది. తల్లి చుట్టను వాడు ఇచ్చుకున్నది ఆ అధికారికే, ఆయన మాట సాయంతోనే అనఖ్తు ఆలయంలో చిత్రకారుడయ్యాడు. తల్లి ఛాతీ మీద వాడు పెట్టింది నా పనిగదిలో మూలనున్న అమ్మకం చుట్ట. ఒక్క ఖాళీ కూడా నింపలేదు.

పేరు నింపని ఆ చుట్టను శవపేటికలో పెడుతున్నప్పుడు వబెత్ చూస్తూనే ఉంది. చదవడం రాదు కాబట్టి ఆమెకు తేడా తెలియలేదు. ఆ తప్పు నాది. కొడుక్కు నేర్పాను, కూతురికి నేర్పలేదు.

ఇది తెలిశాక నేను సభలో నిలదీస్తే వాడన్న మాట ఇది: "అమ్మకేమైనా చదువొచ్చా నాన్నా? ఖాళీగా ఉందో నిండుగా ఉందో ఆవిడకేం తెలుస్తుంది?" పెద్దల్లో ముగ్గురు నవ్వారు. వారిలో ఇద్దరు ఇప్పుడు లేరు. వారి చుట్టలు నేనే నింపాను, ఒక్క తప్పు లేకుండా.

పేరు లేకుండా పంపడాన్ని సమాధి చేయడం అనరు. దాన్ని దాచిపెట్టడం అంటారు. ఆరేళ్ళుగా నా భార్య మొదటి ద్వారం దగ్గర నిలబడి ఉంది. ఆచారం మాట ఎత్తేవారు ముందు ఈ వాక్యానికి జవాబు చెప్పాలి.

మూడు. ఒక కాలు పొట్టిగా ఉన్న నా ముక్కాలిపీటను లోయలో మా పని చూసే మేస్త్రీ అపెహ్తికి ఇస్తున్నాను. హునెరోకు జబ్బు చేసిందన్న కబురు లోయలోకి వచ్చింది. ఈయన దాన్ని నాలుగు రోజులు తన దగ్గరే ఉంచుకున్నాడు. ఎందుకని అడిగితే, "చెబితే నీ చెయ్యి వణుకుతుంది తమ్ముడూ. గోడ ప్రభువుది. నీ పెళ్ళాం ఎక్కడికి పోతుందిలే" అన్నాడు. గోడ బాగా వచ్చింది. తలుపు మూశాక దాన్ని చూసినవాడు లేడు. పీట మీద కూర్చున్నప్పుడల్లా ఆయన నన్ను తలుచుకోవాలి.

నాలుగు. నా గాడిదను నీళ్ళు మోసే తుతుకు ఇస్తున్నాను. నేను లోయలో ఉన్న రోజుల్లో అతను కొండెక్కగానే మొదటి కుండ మా గడపలోనే దించేవాడు. ఆమె నుదుటి మీద వేసిన గుడ్డ తడి ఆరనివ్వలేదని వబెత్ చెప్పింది. గాడిద పేరు మేస్త్రీ. ఆ పేరు పెట్టింది హునెరో. పిలిస్తే రాదు, తిడితే వస్తుంది.

ఐదు. మూడు పళ్ళు విరిగిన దువ్వెన, తిరగలి రాయి, కాటుక గొట్టం వబెత్‌కు. గొట్టంలో ఇంకా కొంచెం కాటుక ఉంది. అది వాడుకోవచ్చు. దాచిపెట్టుకుంటే వాళ్ళమ్మకు నచ్చదు.

ఆరు. కుటుంబ సమాధి మళ్ళీ తెరిచేది నన్ను దించే రోజునే. అంతకుముందు ముద్ర విప్పనివ్వమని సభను రెండుసార్లు వేడుకున్నాను. "దొంగలకు దారి చూపిస్తావా అయ్యా?" అన్నారు. కాబట్టి నా చావు కోసం నాకంటే ఎక్కువగా ఎదురుచూసినవాడు ఊళ్ళో లేడు. మేడిచెక్క పెట్టెలో కొత్త చుట్ట ఉంది. మూడేళ్ళు రాశాను. ఎనభై రెండు చోట్లా హునెరో. నా శవాన్ని బయటే ఉంచి, మొదట వబెత్ లోపలికి వెళ్ళి, పాతది తీసి ఇది పెట్టాలి. ఇప్పుడు వబెత్‌కు వాళ్ళమ్మ పేరు చదవడం వచ్చు. రోజూ సాయంత్రం ఇసుక మీద నేర్పాను. పెట్టేముందు ప్రతి పేరు మీదా వేలు ఆనించి చూసుకోవాలి. తొందర పెట్టినవారిని నా కూతురు బయటికి పంపవచ్చు.

ఏడు. హునెరో మీదినుంచి తీసిన ఖాళీ చుట్టను నా ఛాతీ మీద పెట్టాలి. అదీ నా చేతిరాతే. అమ్మకానికి ఆదరాబాదరాగా రాసినది. మూడు చోట్ల వాక్యాలు మింగేశాను, పదకొండో ద్వారం మంత్రాన్ని మొత్తంగా వదిలేశాను. పనిగదిలో అందరం అలాగే చేసేవాళ్ళం. చచ్చినవాడు వచ్చి తప్పు పట్టుకోడని నవ్వుకునేవాళ్ళం. అనఖ్తు పని నేర్చుకున్నది ఆ గదిలోనే. ఆ మాట వాడు విన్నది నా నోటినుంచే. కాబట్టి ఆ చుట్టతో వెళ్ళవలసింది ఆమె కాదు.

అందులోని ఖాళీల్లో నా పేరు నింపవలసినవాడు అనఖ్తు. ఇంకెవరూ ఆ పని చేయకూడదు. అందుకోసం నా కలాల పెట్టె, సిరా బిళ్ళలు వాడికి ఇస్తున్నాను. సమాధి గుమ్మంలో, ఊరంతా చూస్తుండగా, ఎనభై రెండు చోట్లా నింపాలి. నింపినంతమాత్రాన రెండో అంశం మారదు. ఇల్లు రాదు. కలాలు మాత్రం వాడివే.

వాడు రాకపోయినా, వచ్చి నింపకపోయినా, చుట్టను అలాగే నా మీద పెట్టి తలుపు మూసేయండి. నా తరఫున ఎవరూ వాడిని బతిమాలవద్దు. చచ్చినవాడు వచ్చి తప్పు పట్టుకోడు.

ఇప్పటి ప్రభువు ఏలుబడిలో ఆరో ఏడు, వరద కాలం మూడో నెల, పద్నాలుగో రోజున రాసి ముగించాను.

లేఖకుడు మిన్‌ఖావు, హునెరో భర్త.

సాక్షులు:
సెన్నెఫ్, లోయ దారి కావలివాడు. ఈ పత్రం అమలు చేయవలసినవాడు ఇతనే.
బుకెంతుఫ్, బట్టలు ఉతికేవాడు. చదవడం రాదు. రెండుసార్లు చదివించుకుని విని గుర్తు పెట్టాడు.