దుంగ కోసిన పెళ్లికూతురు

పినాంగు, 1931 జూన్

ప్రియమైన బిడ్డ కాథరిన్‌కి,

మీ అయ్య యోహాను దీవించి రాసేది. కలప కోసే మిల్లులో పని బాగానే ఉంది. మా దొర ఇటలీ దేశస్తుడు కదా, పోయిన శనివారం ఆయన కూతురి పెళ్లయినాది. మంగళవారం, శుక్రవారం వాళ్లు పెళ్లి సెయ్యరట. దిష్టి తగలకుండా పెళ్లికొడుకు జేబులో ఇనపముక్క ఏసుకున్నాడు. అచ్చం మనోళ్లే అనుకున్నాను.

చర్చి బయట ఇద్దరి ముందూ దుంగ ఎట్టి, రెండు పిడుల రంపం ఇచ్చినారు. పెళ్లిబట్టల్తోనే కోసినారు. “ఇదేటి దొరా?” అన్నాను. “కాపరం ఒక్కరు లాగితే సాగదు యోహానూ. మా కొండూళ్లలో ఇది కోసినాకే విందు” అన్నాడు.

పాట్రిక్ వాళ్లు నీ పెళ్లికి తేదీ సెప్పినారా?

దీవెనలతో,
మీ అయ్య

సుంగై సుమున్, జూలై

ప్రియమైన అయ్యకి,

తేదీ సెప్పలేదు. పాట్రిక్ బావ అమ్మ అచ్చమ్మత్త మొన్న మనింటికొచ్చి, “పిల్ల మంచిదే. కానీ సిన్నప్పుడు ఇరిగిన ఎడం సెయ్యి సరిగా అతకలేదు. రబ్బరు తోటలో బతకాల. ఒంటిసేతి కోడలు నాకెందుకు?” అన్నాది. అమ్మ ఏడ్సినాది. నాకు కోపమొచ్చినాది. బావకి నేనే కావాల, కానీ వాళ్లమ్మ మాట దాటలేడు.

నీ ఉత్తరం బావకి సదివి ఇనిపించినాను. మన కూలీల ఇళ్ల లయం ఎనకాల గాలికి పడిన రబ్బరు సెట్టుంది, తోటలో రెండు పిడుల రంపమూ ఉంది. అందరి ముందూ మేమూ కోద్దామని ఉంది, ఆ రంపం ఒంటిసేత్తో లాగితే అవుద్దా? బేగి రాయి.

నీ కూతురు,
కాథరిన్

పినాంగు, ఆగస్టు

ప్రియమైన తల్లీ,

భయమేసినాది. నలుగురిలో రంపం ఆగిపోతే అచ్చమ్మ మాటే నిజమంటారు. వొద్దని రాద్దామనే కూకున్నాను. కానీ అడిగినావు, దాచలేను. అవుద్ది. తొయ్యకు. నీ వంతుకి లాగు, అతని వంతుకి ఒదిలెయ్యి. ప్రభువు తోడుంటాడు.

మీ అయ్య

సుంగై సుమున్, ఆగస్టు ఆఖరు

ప్రియమైన అయ్యకి,

ఆదివారం ప్రార్థన అయ్యాక దుంగ ఎట్టినాము. తోటోళ్లంతా మూగినారు. “పెళ్లికి ముందే ఇదేటి తైతక్కలు?” అన్నాది అత్త. “మా కాపరం సాగుద్దో లేదో నువ్వే సూడమ్మా” అన్నాడు బావ. వాళ్లమ్మకి ఎదురు సెప్పడం అదే మొదలు.

ముందు రంపం ఇరుక్కున్నాది. ఎవరో నవ్వినారు. బావ కంగారుగా తోసేస్తన్నాడు. “తొయ్యకు బావా, నాకొదిలెయ్యి” అన్నాను. అప్పుడు కదిలినాది. సెమట కళ్లలోకి కారతంది, భుజం మండిపోతంది, ఆపలేదు. దుంగ రెండై పడ్డాది. లయమంతా ఈలలు.

అత్త వచ్చి నా భుజం తడిమినాది. “నొప్పెట్టినాదా?”

“ఎట్టినాది అత్తా.”

“మరి ఆపలేదేటి?”

“సగంలో ఎలా ఆపుతాను?”

ఆమె నా సేతిలోంచి రంపం తీసుకున్నాది. ఆనక తన పెనిమిటి పైడిరాజు మావని కేకేసినాది: “రావయ్యా, మనమూ కోద్దాం.” పాతికేళ్ల కాపరం వాళ్లది. నాలుగు వేళ్ల లోతు దిగలేదు. “నువ్వు తోస్తన్నావు” అని అత్త, “నువ్వొదిలితేగా” అని మావ. జనం పొట్టలు పట్టుకుని నవ్వినారు. ఆఖరికి అత్తకీ నవ్వాగలేదు.

పెళ్లి వచ్చే నెలలో. దొరనడిగి సెలవు తీసుకో. పెళ్లయితే నీ కూతురు ఉత్తరాలు మానేస్తాదని బెంగెట్టుకోకు. ఇది రాస్తండగానే అత్త గుమ్మంలోంచి పిలుస్తంది: “ఇటు రా కోడలు పిల్లా, ఆ రంపం ఎలా పట్టాలో మీ మావకి నేర్పు.”

ప్రేమతో,
కాథరిన్